వణికే చెయ్యి, వినబడని గొంతు: నస్పూర్ నుంచి ఒక సింహావలోకనం

బొగ్గు ఎట్లా పుట్టిందో రాసిన డాక్టరు పేరే వణుకుడు జబ్బుకు పడింది. బొగ్గుబాయిల నడుమ బతికేవాళ్లు తెలుసుకోదగ్గ ముచ్చట ఇది. ఆయన జేమ్స్ పార్కిన్‌సన్. 1755 ఏప్రిల్ 11న లండన్‌లోని హాక్స్‌టన్‌లో పుట్టి, అక్కడే వైద్యం చేసుకుంటూ బతికినవాడు. శిలాజాలంటే ఆయనకు పిచ్చి. 1804లో వేసిన శిలాజాల గ్రంథం మొదటి సంపుటంలో చెట్టూచేమా నేలలో పూడి పీట్‌గా, బొగ్గుగా మారే తీరును చర్చించాడు. 1807లో లండన్ జియలాజికల్ సొసైటీని నెలకొల్పినవాళ్లలో ఆయనా ఒకడు. ఆ తర్వాత పదేళ్లకు, 1817లో, 66 పేజీల చిన్న పుస్తకం రాశాడు. వణికే చేతులు, ముందుకు వంగిన నడుము, పరుగులాంటి నడక ఉన్న ఆరుగురి కథ అది. అందులో కొందరిని ఆయన వీధిలో ఎదురుపడి పలకరించాడు. ఒకరినైతే దూరం నుంచే చూశాడు.

ఆ చిన్న పుస్తకంలోనే మాట సంగతీ ఉంది. జబ్బు ముదిరేకొద్దీ రోగి మాట అర్థం కాకుండా పోతుందని, మింగడం కష్టమవుతుందని, నోట్లో లాలాజలం నిలవదని ఆయన రాశాడు. చెడు ఎక్కడుందో వెతకడానికి ఆయన ఎవరి మెదడునూ కోసి చూడలేదు. లక్షణాలను బట్టి ఊహించాడు. మెడ దగ్గరి వెన్నుపాములో మొదలై, పైకి పాకి, మెదడు కాండం అడుగుభాగమైన మెడుల్లాకు చేరుతుందన్నాడు. మెడుల్లా అనుకోవడానికి ఆయనకు దొరికిన ఆధారాల్లో మాట, మింగుడు ముఖ్యమైనవి.

అంటే ఈ జబ్బు గురించి రాసిన మొదటి రాతలోనే గొంతు ఉంది. కానీ తర్వాతి రెండు వందల ఏళ్ల చరిత్ర ఎక్కువగా చేతి చుట్టూ, కాలి చుట్టూ తిరిగింది. మందు వచ్చింది, సర్జరీ వచ్చింది, స్కాన్ వచ్చింది. గొంతుకు వైద్యం అన్నింటికన్నా వెనక వచ్చింది. ఊళ్లకు చేరడంలో ఇంకా వెనకబడే ఉంది. నస్పూర్, శ్రీరాంపూర్, రామకృష్ణాపూర్, గోదావరిఖని సింగరేణి కాలనీల్లో ఇప్పుడు అరవై దాటిన తరాన్ని చూస్తే ఈ వెనకబాటు ఎవరి మీద పడుతోందో తెలుస్తుంది.

పేరు పెట్టిన కాలం

1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. సింగరేణి బొగ్గుగనుల చరిత్ర అక్కడ మొదలవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో ఈ జబ్బు మీద పాఠాలు చెబుతున్నాడు. వణుకు లేకుండా కూడా ఈ జబ్బు రావచ్చని, కండరాలు బిగుసుకుపోవడం, కదలిక మందగించడం దీని అసలు గుర్తులని తేల్చింది ఆయనే. పార్కిన్‌సన్ పేరు పెట్టాలన్నదీ ఆయనే. రోగుల చేతిరాత క్రమంగా చిన్నదైపోవడాన్ని కూడా ఆ కాలపు వైద్యులు గమనించారు.

మందు మాత్రం పెద్దగా లేదు. బెల్లడోనా జాతి మొక్కల్లోని రసాయనాలను వాడేవారు. మన ఉమ్మెత్తలో ఉన్నవీ ఆ తరగతి విషాలే. లాలాజలం, వణుకు కాస్త తగ్గేవి. నోరు పిడచకట్టుకుపోయేది, మతి తప్పేది. ఉమ్మెత్త ఎంత ప్రాణాంతకమో మన పల్లెల్లో చెప్పక్కర్లేదు. ఎవరూ ఇంట్లో ప్రయోగం చేయరాదు.

మెదడులో నల్లటి చోటు

మెదడు నడిమి కాండంలో రెండు పక్కలా సన్నని నల్లటి పట్టీలు ఉంటాయి. సబ్‌స్టాన్షియా నైగ్రా అంటారు. అక్కడి కణాల్లో పేరుకునే న్యూరోమెలనిన్ అనే రంగుపదార్థం వల్ల ఆ నలుపు. 1893లో పారిస్‌లో ఒక రోగి చనిపోయాక చూస్తే, ఒక పక్క ఈ నల్లపట్టీలో క్షయ గడ్డ కనిపించింది. బతికుండగా అతనికి శరీరంలో రెండో పక్క పార్కిన్‌సన్ లాంటి వణుకు ఉండేది. దాన్ని బట్టి 1895లో ఎడ్వర్డ్ బ్రిసో జబ్బు మూలం ఇక్కడేనేమో అన్నాడు. 1919లో కాన్‌స్తంతిన్ త్రెత్యాకోఫ్ అనే యువ వైద్యుడు తన థీసిస్‌లో రోగుల మెదళ్లలో ఆ నల్లపట్టీ పాలిపోయి ఉందని చూపించాడు. కణాలు చచ్చిపోయి, రంగు పోయింది. ఆ మరుసటి ఏడాది, 1920 డిసెంబర్ 23న, సింగరేణి కాలరీస్ కంపెనీ రిజిస్టర్ అయింది.

త్రెత్యాకోఫ్‌కు ముందే, 1912లో, ఫ్రిట్జ్ లూయీ అనే జర్మన్ వైద్యుడు రోగుల మెదడు కణాల్లో గుండ్రని ముద్దలు చూశాడు. వాటిని లూయీ బాడీలు అంటారు. ఆయన వాటిని మొదట చూసిన చోట్లలో ఒకటి మెడుల్లాలోని వేగస్ నాడి కేంద్రకం. పార్కిన్‌సన్ ఊహించిన చోటు కూడా మెడుల్లానే. 1997లో ఆ ముద్దల్లో ఉన్నది ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ అని తేలింది. 2003లో హైకో బ్రాక్ బృందం ఎన్నో మెదళ్లను పరిశీలించి ఒక దశల పటం గీసింది. ఆ పటం ప్రకారం చాలామందిలో మార్పులు వాసన చూసే నాడి దగ్గర, మెడుల్లాలోని వేగస్ కేంద్రకం దగ్గర మొదలై, తర్వాత పైకి పాకి నల్లపట్టీకి చేరతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బ్రాక్ గుర్తించిన వేగస్ కేంద్రకం పేగులను నడిపేది. గొంతు కండరాలను నడిపే కేంద్రకం దాని పక్కన ఉంటుంది, అది వేరు. కాబట్టి మెడుల్లాలో మొదలైనంత మాత్రాన మాట పోతుందని చెప్పలేం. కానీ వణుకు రాకముందే ఏళ్ల తరబడి మలబద్ధకం, వాసన తెలియకపోవడం, నిద్రలో కలలకు తగ్గట్టు కాళ్లూ చేతులూ విసరడం ఎందుకు ఉంటాయో ఈ పటం వివరించింది. ‘ఇంగువ వాసన తెలుస్తలేదు’ అన్న మాటను ఇంట్లో ఎవరూ జబ్బు కింద జమకట్టరు. వైద్యుడికి చెబితే అది పనికొచ్చే సమాచారం.

మన దేశపు మెదళ్ల గురించి ఒక చిత్రమైన సంగతి 1998లో వెలువడింది. బెంగళూరు నిమ్‌హాన్స్‌కు చెందిన ఉదయ్ ముఠానే బృందం, ఏ జబ్బూ లేని భారతీయుల మెదళ్లలో నల్లపట్టీ రంగుకణాలను లెక్కపెట్టింది. బ్రిటన్ మెదళ్లతో పోలిస్తే అవి దాదాపు 40 శాతం తక్కువగా ఉన్నాయి. వయసుతో తగ్గే తీరు కూడా ఇక్కడ కనబడలేదు. కణాలు తక్కువైనంత మాత్రాన జబ్బు ఎక్కువ రావాలన్న లెక్క కుదరలేదు. ముంబయి పార్సీల్లో 1980ల్లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో లక్షకు 328 మందికి ఈ జబ్బు కనిపించింది. బెంగళూరు ప్రాంతంలో తర్వాత చేసిన సర్వేలో లక్షకు 33 మందే తేలారు. ఒకే దేశంలో పదింతల తేడా. వయసు, వంశం, పర్యావరణం అన్నీ కలిసి ఆడే ఆట ఇది.

మన అడవి మొక్కలు, వియన్నా మందు

ఈ జబ్బు మందు కథలో మన అడవి మొక్కలు రెండు ఉన్నాయి. ఒకటి సర్పగంధ. దాని వేరు నుంచి 1952లో రిసర్పిన్ అనే రసాయనాన్ని విడదీశారు. రక్తపోటుకు వాడారు. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విద్ కార్ల్‌సన్ ఆ రిసర్పిన్‌ను కుందేళ్లకు ఇస్తే అవి కదల్లేక చతికిలపడ్డాయి. తర్వాత లెవోడోపా ఇస్తే లేచి తిరిగాయి. లెవోడోపా మెదడులో డోపమిన్ అనే రసాయనంగా మారుతుంది. ఆ డోపమిన్‌కు సొంత పని ఉందని అప్పుడు తేలింది. 2000లో కార్ల్‌సన్‌కు నోబెల్ వచ్చింది.

రెండోది దూలగొండి. పశువులు కాసిన పిల్లలకు దీని కాయల నూగు ఒంటికి తగిలితే ఎట్లుంటదో బాగా తెలుసు. కంపవాతానికి ఆయుర్వేదం దీని గింజలను వాడుతూ వచ్చింది. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన దామోదరన్, రామస్వామి ఈ గింజల్లో లెవోడోపా ఉందని రసాయనికంగా నిరూపించారు. అంటే మందు ఇరవై ఏళ్ల ముందే మన చేతిలో ఉంది. అది దేనికి మందో చెప్పే శాస్త్రం అప్పటికింకా పుట్టలేదు. తర్వాత 1990ల్లో గింజల పొడితో చేసిన మందును దేశంలోని పలు ఆసుపత్రుల్లో రోగులపై పరీక్షించారు, పనిచేసింది. అయితే గింజల్లో మోతాదు ఎంతుందో చూసి చెప్పలేం. డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటూ దానిపై ఈ పొడి కూడా తింటే మోతాదు రెట్టింపై ఒళ్లు మెలికలు తిరగొచ్చు.

1960లో వియన్నాలో ఒలే హార్నికీవిచ్ చనిపోయిన రోగుల మెదడులో, నల్లపట్టీ కణాలు డోపమిన్ పంపే స్ట్రయేటమ్‌లో, ఆ రసాయనం చాలా తగ్గిపోయిందని కొలిచి చూపాడు. 1961లో వాల్టర్ బిర్క్‌మేయర్‌తో కలిసి రోగులకు లెవోడోపా సూది వేశాడు. మంచం దిగలేనివాళ్లు లేచి నడిచారు. ఆ నివేదికలోనే ఇంకో మాటా రాశారు: గొంతు పూడుకుపోయి ముద్దగా మాట్లాడేవాళ్ల మాట స్పష్టంగా వచ్చిందని. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ నోటిద్వారా ఎక్కువ మోతాదులో ఇచ్చే పద్ధతి కనిపెట్టాక ఇది రోజువారీ మందైంది. కార్బిడోపాతో కలిపి 1970ల మధ్య నుంచి మాత్రల రూపంలో దొరుకుతోంది. మన మెడికల్ షాపుల్లో సిన్‌డోపా పేరుతో ఇచ్చేది ఇదే.

కోట్జియాస్ ఈ మందు దగ్గరకు వచ్చిన దారి గని కార్మికుల మీదుగానే సాగింది. ఆయన చిలీలోని మాంగనీసు గనుల కార్మికులను పరిశీలించాడు. మాంగనీసు ధూళి పీలిస్తే పార్కిన్‌సన్‌ను పోలిన జబ్బు వస్తుందని 1837లోనే గ్లాస్గోలో జాన్ కూపర్ రాశాడు. రసాయన కర్మాగారంలో మాంగనీసు ఖనిజం నూరే కూలీల్లో కాళ్లు తడబడటం, లాలాజలం కారడం, గొంతు సన్నబడి మాట పోల్చలేకపోవడం ఆయన చూశాడు. మాంగనీసు వేరే చోట, గ్లోబస్ పాలిడస్‌లో, పేరుకుంటుంది. అందుకే వీళ్లకు లెవోడోపా అంతగా పనిచేయదు.

తెలుగునేల మీద మాంగనీసు చరిత్ర చిన్నదేమీ కాదు. విజయనగరం వైపు చీపురుపల్లి, గరివిడి పరిసరాల్లో 1890ల నుంచే ఖనిజం తవ్వారు. మన ఆదిలాబాద్ జిల్లాలో పెన్‌గంగ రాతిపొరల్లోనూ ఉంది. గరివిడి వంటి చోట్ల ఫెర్రో అల్లాయ్ కొలిమిలు వచ్చాయి. మాంగనీసు పొగలో పనిచేసినవాడి గొంతు సన్నబడితే డాక్టరుకు ఆ పని గురించి చెప్పాలి.

బొగ్గుధూళి సంగతి వేరు. అది ఊపిరితిత్తులను పాడుచేస్తుందని రుజువైంది. పార్కిన్‌సన్ తెస్తుందని రుజువు కాలేదు. అనుమానంగా చూడాల్సినవి మన చుట్టూ వేరే ఉన్నాయి. పత్తిచేలలో చల్లే పారాక్వాట్ కలుపుమందుకూ, రోటినోన్ అనే పురుగుమందుకూ ఈ జబ్బుతో సంబంధం ఉందని 2011లో అమెరికా రైతుల్లో జరిగిన పరిశోధన తేల్చింది. వాటిని వాడినవాళ్లకు ముప్పు దాదాపు రెండున్నర రెట్లు. అది సంబంధమే తప్ప కారణమని పూర్తి రుజువు కాదు. బాయిలో షిఫ్ట్ చేసి, మిగిలిన పూట ఊరి చెలకలో మందుకొట్టినవాళ్లు బొగ్గు బెల్ట్‌లో చాలామంది. తలకు తగిలిన గట్టి దెబ్బలూ ఈ లెక్కలోకి వస్తాయి.

మందు చేతికి, సర్జరీ వణుకుకు

లెవోడోపాతో నడక, బిగుతు, మందగించిన కదలిక బాగుపడతాయి. గొంతు మాత్రం అంత నమ్మకంగా స్పందించదు. కొందరికి కాస్త తేలుతుంది, కొందరికి ఏమీ మారదు. 1961 నాటి ఆ ఆశ చాలామంది విషయంలో నెరవేరలేదు.

సర్జరీలోనూ అదే తంతు. లెవోడోపా రాకముందు, 1950–60ల్లో, వణుకు తగ్గించడానికి మెదడులో థాలమస్ అనే చోట చిన్న గాయం చేసేవారు. మద్రాసులో బి. రామమూర్తి, వి. బాలసుబ్రహ్మణ్యం బృందం ఈ విద్యలో పేరుగాంచింది. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ఎస్. బాలపరమేశ్వరరావు 1950ల్లో న్యూరోసర్జరీకి పునాది వేశారు. ఒక పక్క గాయం చేస్తే రెండో పక్క చెయ్యి నిలకడగా ఉండేది. రెండు పక్కలా చేస్తే చాలామందికి మాట పోయేది. ఈ సంగతి ప్రపంచమంతా తెలుసుకున్నాక రెండు పక్కల సర్జరీకి జంకారు.

1987లో ఫ్రాన్స్‌లోని గ్రనోబుల్‌లో అలిమ్ లూయీ బెనబిద్ గాయం చేయకుండా సన్నని తీగతో విద్యుత్తు పంపి వణుకును ఆపాడు. 1993 నుంచి సబ్‌థాలమిక్ కేంద్రకంలో ఇదే పద్ధతి వాడి మొత్తం జబ్బు లక్షణాలకు ఉపయోగించారు. దీన్ని డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ (డీబీఎస్) అంటారు. హైదరాబాద్ నిమ్స్‌లో ఇది ఏళ్ల తరబడి జరుగుతోంది. చేతులూ కాళ్లూ చాలా తేలికపడతాయి. మాట మాత్రం కొందరికి ఏడాది తిరిగేసరికి ముందుకన్నా ముద్దగా మారుతుంది. తీగ ఎక్కడ పెట్టారు, ఎంత కరెంటు ఇస్తున్నారు అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. ఆపరేషన్‌కు ముందే కుటుంబం ఈ ప్రశ్న అడగాలి.

నిమ్స్ పేరు మందుల చరిత్రలోనూ ఉంది. సాఫినమైడ్ అనే మందు, లెవోడోపా ప్రభావం మధ్యలో దిగిపోయేవారికి ఎంత పనిచేస్తుందో పరీక్షించి 2014లో ప్రచురించిన పరిశోధనకు మొదటి రచయిత నిమ్స్ న్యూరాలజిస్టు రూపం బొర్గోహెయిన్. ఆ మందు 2015లో యూరప్‌లో, 2017లో అమెరికాలో అనుమతి పొందింది.

మాటను కొలవడం మొదలైన రోజు

మాట ఏ తీరుగా చెడుతుందో క్రమంగా రాసిపెట్టింది 1969లో. అమెరికా మేయో క్లినిక్‌లో డార్లీ, ఆరన్‌సన్, బ్రౌన్ అనే ముగ్గురు, వేర్వేరు మెదడు జబ్బులవారి మాటలను టేపుల మీద విని పోల్చారు. పార్కిన్‌సన్ మాటకు వాళ్లు గుర్తించిన లక్షణాలు ఇవి: గొంతు ఒకే స్థాయిలో నడవడం, ఎక్కడా ఒత్తు పడకపోవడం, హల్లులు సరిగా పలకకపోవడం, అనవసరమైన చోట ఆగడం, ఉన్నట్టుండి మాటలు గబగబా దొర్లడం, గాలి కలిసిన బొంగురు గొంతు. 1978లో లోగెమన్ బృందం 200 మంది రోగులను వింటే 89 శాతానికి గొంతులోనే తేడా కనిపించింది. ఉచ్చారణ లోపం అందులో సగం మందికే ఉంది. అంటే గొంతు ముందు తగ్గి, నాలుక తర్వాత తడబడుతుంది.

తెలుగులో ఈ నష్టం ఇంకో తీరుగా వినబడుతుంది. మన మాటల్లో హ్రస్వదీర్ఘాలు, ద్విత్తాలు అర్థాన్ని మారుస్తాయి. గడి అంటే ఒకటి, గడ్డి అంటే వేరు. పెదవులు, నాలుక పూర్తిగా మూసుకోకపోతే ద్విత్తం జారిపోతుంది. ట, డ, ళ పలకడానికి నాలుక వెనక్కి మడవాలి. ఆ మడత సగంలో ఆగితే ‘పెట్టు’ అన్నది ‘పెత్తు’ లాగా, ‘పెసు’ లాగా వినిపిస్తుంది. వినేవాడు సందర్భాన్ని పట్టుకుని అర్థం చేసుకుంటాడు. ఫోన్లో సందర్భం తెలియనివాడికి అదీ చేతకాదు.

ప్రపంచమెరిగిన ఒక ఉదాహరణ మహమ్మద్ అలీ. మాటల్లో ఆయనకు ఎదురు లేదు. 1984లో పార్కిన్‌సన్ జబ్బు బయటపడింది. 2017లో అరిజోనా పరిశోధకులు ఆయన పాత ఇంటర్వ్యూల రికార్డింగులు తీసి మాట వేగాన్ని కొలిస్తే, 26 ఏళ్ల వయసుకూ 39 ఏళ్ల వయసుకూ మధ్య అది 26 శాతం తగ్గింది. జబ్బు పేరు పెట్టకముందే గొంతు చెబుతూ వచ్చింది. గుద్దుల దెబ్బల వాటా ఎంతో విడదీయడం కష్టమే. అయినా మాటను వినే అలవాటు వైద్యంలో ఎంత ఆలస్యమైందో ఈ ఉదాహరణతో తెలుస్తుంది.

‘నేను గట్టిగనే అంటున్న గదా’

ఈ జబ్బులో గొంతు తగ్గడానికి నాలుక, స్వరపేటిక బలహీనం కావడం ఒక్కటే కారణం కాదు. మెదడు కొలమానం తప్పుతుంది. కదలిక ఎంత పెద్దదిగా ఉండాలో డోపమిన్ అందే స్ట్రయేటమ్ నిర్ణయిస్తుంది. డోపమిన్ తగ్గితే అడుగు చిన్నదైనట్టే, అక్షరం చిన్నదైనట్టే, గొంతు కూడా చిన్నదవుతుంది. కానీ రోగికి తన గొంతు మామూలుగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

నస్పూర్ కాలనీ క్వార్టర్లలో ఈ సంభాషణ చాలాసార్లు వినబడేదే.

‘జర గట్టిగ మాట్లాడయ్యా, నాకు ఇనబడ్తలే.’

‘నేను గట్టిగనే అంటున్న గదా. నీకే చెవుడొచ్చింది.’

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు తన గొంతు అరుపులాగే ఉంది. ఆమెకు అందేది గుసగుస. గనిలో డ్రిల్, ఎస్‌డీఎల్ లోడర్, కన్వేయర్ చప్పుళ్లలో ఏళ్లు గడిపినవారికి చెవి దెబ్బతిని గొంతు పెరుగుతుంది. ఈ జబ్బు వచ్చినవాడికి గొంతు తగ్గుతుంది. చెవి దెబ్బతిన్న పాత దోస్తుకు, ఈ జబ్బు వచ్చినవాడి సన్నని మాట అసలే చేరదు. నస్పూర్ సీసీసీ కార్నర్‌లో చాయ్ దగ్గర నలుగురు కూర్చుంటే, మెల్లగా ఒకాయన మాట్లాడటం మానేస్తాడు. ‘ఆయన ఈ మధ్య మనుషుల్లో కలుస్తలేడు’ అని పేరు పడుతుంది. ముఖంలో కదలిక తగ్గడం వల్ల కోపంగానో దిగులుగానో ఉన్నాడనుకుంటారు.

ఇంకో చిక్కు ఊపిరి. గట్టిగా మాట్లాడాలంటే ఛాతీ నిండా గాలి కావాలి. దుమ్ముకు మచ్చలు పడ్డ ఊపిరితిత్తులున్న పాత కార్మికుడికి ఆ గాలి ముందే తక్కువ. మింగుడు కూడా మందగిస్తే అన్నం మెతుకు శ్వాసనాళంలోకి పోయి న్యుమోనియా రావచ్చు. ఈ జబ్బులో మరణాలకు అదొక పెద్ద కారణం. గొంతు బొంగురుపోవడం, తినేటప్పుడు పొలమారడం ఒకేసారి మొదలైతే తేలిగ్గా తీసుకోకూడదు.

గొంతుకు వైద్యం

1980ల చివరి నుంచి అమెరికాలో లొరెయిన్ రామిగ్ బృందం ఒక శిక్షణను తయారుచేసింది. అప్పటిదాకా పెదవులు, నాలుక, శ్వాస ఒక్కొక్కటీ విడిగా సరిచేయాలని చూసేవారు. వీళ్లు ఒకే మాట పట్టుకున్నారు: గట్టిగా. లీ సిల్వర్‌మన్ అనే రోగి పేరుతో దాన్ని ఎల్‌ఎస్‌వీటీ అంటారు. నాలుగు వారాల్లో 16 తరగతులు, ఒక్కోటి గంట. ‘ఆ...’ అంటూ ఒకే ఊపిరిలో ఎంతసేపు వీలైతే అంతసేపు గట్టిగా పలకడం, గొంతును కిందికీ పైకీ తీసుకెళ్లడం, రోజూ ఇంట్లో వాడే పది వాక్యాలు గట్టిగా చెప్పడం, తర్వాత చదవడం, మాట్లాడటం. తెలుగు ఇంట్లో ఆ పది వాక్యాలు ‘చాయ్ ఇయ్యి’, ‘ఫ్యాన్ వెయ్యి’, ‘మాత్రలు ఏవీ?’ లాంటివే. గట్టిగా అనే ఒక్క ప్రయత్నంతో నోరు పెద్దగా తెరుచుకుంటుంది, హల్లులూ స్పష్టపడతాయి. తన మామూలు గొంతు ‘అరుపు’లా అనిపించినా అదే సరైనదని రోగి నమ్మడం నేర్చుకోవాలి. అదే ఈ శిక్షణలో అసలు పని.

మెదడులో ఏం మారుతుందో 2003లో లియొట్టి బృందం పెట్ స్కాన్‌తో చూసింది. శిక్షణకు ముందు, తర్వాత ఐదుగురు రోగుల మెదళ్లను పోల్చింది. ముందు మాట కోసం మెదడు పైపొరలోని కదలిక కేంద్రాలు అతిగా శ్రమపడుతున్నాయి. శిక్షణ తర్వాత ఆ అతి తగ్గింది. కుడి పక్క భాగాల్లో, లోపల బేసల్ గ్యాంగ్లియా అనే కణగుంపుల్లో చురుకు పెరిగింది. ఐదుగురితో పెద్ద తీర్పు చెప్పలేం. అయినా అభ్యాసంతో మెదడు పని పంచుకునే తీరు మారుతుందనడానికి అది ఒక ఆధారం. 2024లో బ్రిటన్‌లో 388 మందితో జరిగిన పరీక్షలో, ఈ శిక్షణ తీసుకున్నవాళ్లు అక్కడి మామూలు స్పీచ్ థెరపీ తీసుకున్నవాళ్లకన్నా, ఏదీ తీసుకోనివాళ్లకన్నా గొంతు విషయంలో మెరుగ్గా ఉన్నారు. 2011లో ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన ఇంకా పనికొచ్చేది. వీడియో కాల్ ద్వారా ఇచ్చిన శిక్షణ, ఎదురుగా కూర్చోబెట్టి ఇచ్చినదానికి తీసిపోలేదని తేల్చింది.

ఇంత ఉన్నా అందేది తక్కువమందికే. 1994లో స్వీడన్‌లో అడిగితే రోగుల్లో 70 శాతం మాటకు ఇబ్బంది ఉందన్నారు. స్పీచ్ థెరపీ అందినవాళ్లు 3 శాతమే. స్వీడన్ సంగతే అది.

ఈ బెల్ట్‌లో ఇప్పుడు

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు దాదాపు 40 వేలు. ఆనాటి లక్షలో చాలామంది ఆర్కే, ఎస్సార్పీ బాయిల్లో తట్టాచెమ్మాస్ పట్టి, టబ్బులు నింపి దిగిపోయినవాళ్లే. 2021లో కంపెనీ పదవీ విరమణ వయసు 61కి పెంచింది. పార్కిన్‌సన్ సాధారణంగా మొదలయ్యే వయసు కూడా అరవై దాపునే. అంటే పని నుంచి దిగిపోయిన ఏడాదే జబ్బు తలుపు తట్టవచ్చు. ప్రపంచంలో ఈ జబ్బున్నవారు 2019 నాటికి 85 లక్షలు దాటారని, పాతికేళ్లలో రెట్టింపు అయ్యారని డబ్ల్యూహెచ్‌వో లెక్క. ముసలితనం పెరిగిన చోటల్లా ఈ సంఖ్య పెరుగుతుంది. బొగ్గు బెల్ట్ ఇప్పుడు ముసలితనంలోకి వచ్చిన చోటు.

పింఛనుదారుకు ఇది బ్యాంకు కౌంటర్ దగ్గర మొదటి దెబ్బ కొడుతుంది. 1998 నాటి బొగ్గుగనుల భవిష్యనిధి (సీఎంపీఎఫ్) పింఛను పథకం కింద డబ్బు వచ్చేవాళ్లు ఏటా బతికున్నట్టు ధ్రువీకరణ ఇవ్వాలి. సంతకం చిన్నదై పాత సంతకానికి కలవదు. అద్దం అవతల గుమాస్తాకు పేరు వినబడదు. కొడుకు వెంట రాకపోతే పని అవదు. చట్టం మాత్రం ఈ జబ్బును గుర్తించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో పార్కిన్‌సన్ ఒకటి, మాట వైకల్యం ఇంకొకటి. రెండింటి మీదా ధ్రువపత్రం అడిగే హక్కుంది.

రామకృష్ణాపూర్, గోదావరిఖని ఏరియా ఆసుపత్రులు, కొత్తగూడెం ప్రధాన ఆసుపత్రి సింగరేణివి. 2022లో మంచిర్యాలకు, రామగుండానికి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. స్పీచ్ థెరపీలో శిక్షణ పొందినవారిని సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులో 1965 నుంచి ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ తయారుచేస్తున్నాయి. ఈ వైద్యానికి యంత్రాలు అక్కర్లేదు. ఒక గది, ఒక మనిషి, నెలరోజులు, తర్వాత ఇంట్లో రోజూ అభ్యాసం చాలు. యూనియన్లు గేట్ మీటింగుల్లో రిటైర్డ్ కార్మికుల వైద్యం గురించి మాట్లాడేటప్పుడు మందుల, రిఫరల్ చిట్టాతో పాటు ఈ ఒక్క డిమాండూ చేర్చాలి: బొగ్గు బెల్ట్ ఆసుపత్రుల్లో స్పీచ్ థెరపిస్టు ఉండాలి, లేని రోజున సికింద్రాబాద్‌తో వీడియోలో కలపాలి. హైదరాబాద్‌కు 16 సార్లు రైలెక్కే ఓపిక ఈ రోగికి ఉండదు.

అంతవరకూ ఇంట్లోవాళ్లు చేయగలిగినవి ఉన్నాయి. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. మాత్ర పనిచేస్తున్న వేళల్లోనే ఫోన్లు, బ్యాంకు పనులు పెట్టుకోవాలి. మాంసం, గుడ్లు, పప్పు ఎక్కువున్న భోజనంతో కలిపితే లెవోడోపా సరిగా అందదు కాబట్టి మాత్రను తిండికి అరగంట ముందు వేసుకునే విషయం డాక్టరుతో మాట్లాడాలి. రోజుకు రెండుసార్లు ‘ఆ...’ అని గట్టిగా పలికించి, ఎన్ని సెకన్లు నిలిచిందో క్యాలెండర్ మీద రాయాలి. ఆ సెకన్లు నెలనెలా తగ్గుతుంటే డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు చేతి వణుకు కన్నా ముందు ఆ లెక్కే చూపించాలి.